పగిలినా పడని గుమ్మటం

దారానికి సీసపు గుండ్లు గుచ్చి వేలాడదీశాడు ఆ ప్రొఫెసర్. మొత్తం 32 గుండ్లు. అన్నీ ఒకే బరువు కావు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. గుమ్మానికి కట్టిన మామిడి తోరణం నడుమ జారినట్టు ఆ దండ కిందికి వంగింది, కాసేపు ఊగి ఆగింది. ఆ వంపును ఉన్నదున్నట్టు కాగితం మీదికి దింపుకున్నాడు. కాగితాన్ని తలకిందులు చేశాడు. దాన్ని ఒక గుమ్మటం నిలువుకోత పటం మీద ఆనించి చూశాడు.

ఆ గుమ్మటం రోమ్ నగరంలోని సెయింట్ పీటర్స్ చర్చిది. ప్రొఫెసర్ పేరు జొవాన్ని పొలేని, పాడువా విశ్వవిద్యాలయంలో లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పేవాడు. 1740ల మొదట్లో ఆ గుమ్మటం నిలువునా బీటలు వారి ఉంది. కూలిపోతుందేమోనని ఊళ్లో గుసగుసలు. ఏం చేయాలో తేల్చే బాధ్యత పోప్ పద్నాలుగో బెనెడిక్ట్ మీద పడింది.

పాత కట్టడాల బీటలు చదివే ఇంజనీర్లకు ఈ కథ పెద్దబాలశిక్ష లాంటిది. ఒకే గుమ్మటాన్ని, ఒకే బీటలను చూసి రెండు పక్షాలవాళ్లు రెండు వేర్వేరు ప్రశ్నలు వేశారు. ఒక పక్షం ‘ఇది ఎలా కూలుతుంది?’ అని అడిగింది. పొలేని ‘ఇది ఇంతకాలం ఎలా నిలబడింది?’ అని అడిగాడు. వినడానికి రెండూ ఒక్కటే అనిపిస్తాయి. జవాబులు మాత్రం పొంతన లేకుండా వచ్చాయి. ఆ పొంతన ఎక్కడ తప్పిందో స్పష్టంగా తేలడానికి రెండు వందల ఏళ్లు పట్టింది.

చార్మినార్ కంటే ఒక్క ఏడాది పెద్ద

సెయింట్ పీటర్స్ గుమ్మటం నమూనా మైఖెలాంజెలోది. డెబ్బై దాటిన వయసులో ఆయన ఆ పని నెత్తికెత్తుకున్నాడు. 1564లో కన్నుమూసే నాటికి గుమ్మటం కింది మెడ వరకే కట్టడం లేచింది. మెడ అంటే గుమ్మటాన్ని ఎత్తి పట్టుకునే గుండ్రటి గోడ. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పని ముందుకు సాగలేదు. చివరికి 1588లో జాకొమొ దెల్లా పోర్తా, దొమెనికొ ఫొంతానా కలిసి మొదలుపెట్టి, వందల మంది పనివాళ్లతో రెండేళ్లలోపే 1590లో గుమ్మటం మూసేశారు. ఆ మరుసటి ఏడు, 1591లో, హైదరాబాద్‌లో చార్మినార్ లేచింది. మన కళ్లముందున్న చార్మినార్ వయసే దాదాపు ఆ గుమ్మటానిది కూడా.

లోపలి వ్యాసం సుమారు 42 మీటర్లు. నేల నుంచి శిఖరం మీది శిలువ కొసదాకా 136 మీటర్లు. గుమ్మటం ఒకే పెంకు కాదు. కొబ్బరికాయకు లోపల చిప్ప, బయట డొక్క ఉన్నట్టు, లోపల ఒకటి, బయట ఒకటి. రెంటినీ కలుపుతూ 16 నిలువు పక్కటెముకలు. నెత్తిన బరువైన రాతి మండపం, దాన్ని లాంతరు అంటారు. ఇదంతా ఇటుక, రాయి, సున్నం. ఇవి కాక, గోడ మందంలో కనబడకుండా దాచిన ఇనప కట్లు. మనిషి నడుముకు మొలతాడు కట్టినట్టు గుమ్మటానికి చుట్టిన నడికట్లు అవి. వాటితో ఎందుకంత అవసరం వచ్చిందో తెలియాలంటే, గుమ్మటం తన బరువును ఎలా మోస్తుందో చూడాలి.

బత్తాయి తొనల లెక్క

ఇటుక మీద ఇటుక పెట్టి ఎంత నొక్కినా అది ఓర్చుకుంటుంది. అదే ఇటుకల వరసను రెండు వైపులా పట్టి లాగితే మధ్యలో సున్నం ఊడి వచ్చేస్తుంది. రాయీ సున్నమూ కలిసిన ఏ కట్టడానికైనా ఇదే స్వభావం: నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనం.

ఇప్పుడు ఒక గుమ్మటాన్ని, అర్ధగోళాన్ని ఊహించుకోండి. పై నుంచి కింద దాకా దాన్ని గాజుల దొంతరలా చూడవచ్చు. పైన చిన్న గాజులు, కిందికి వచ్చేకొద్దీ పెద్దవి. బరువుకు పైభాగం కిందికి దిగాలని చూస్తుంది. అప్పుడు పైనున్న చిన్న గాజులు లోపలికి ముడుచుకుంటాయి. వాటిలో నొక్కుడే, భయం లేదు. కింది గాజుల పని దీనికి తిరగబడుతుంది. పైనుంచి వచ్చే బరువు వాటిని బయటికి తోస్తుంది కాబట్టి అవి సాగాలి. ఒకే మందం ఉన్న పలుచటి అర్ధగోళంలో, నడినెత్తి నుంచి కొలిస్తే దాదాపు 52 డిగ్రీల దగ్గర ఈ మార్పు వస్తుంది. ఆ గీతకు పైన నొక్కుడు, కింద లాగుడు. మందం మారినా, నెత్తిన లాంతరు లాంటి బరువు పెట్టినా ఆ గీత కాస్త పైకో కిందికో జరుగుతుంది.

ఇటుక లాగుడుకు ఓర్చదు కనుక కిందిభాగం నిలువునా చీలుతుంది. అంచు దగ్గర వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి, నడినెత్తికి చేరకముందే మాయమయ్యే బీటలు అవి. పాత గుమ్మటం ఏదైనా సరే, లోపల నిలబడి తలెత్తితే ఈ తీరు బీటలు కనబడే అవకాశం ఎక్కువ. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి రోమ్ పాంథియన్ గుమ్మటంలోనూ ఇవే ఉన్నాయి.

చీలాక ఏమవుతుంది? గుమ్మటం వలిచిన బత్తాయిలా అవుతుంది. పై మూత చెక్కుచెదరదు, కింద మాత్రం తొనలు తొనలుగా విడిపోతుంది. ఎదురెదురు తొనలు రెండూ పైన తలలు ఆనించుకుని ఒక కమాను అవుతాయి. అలాంటి కమానులన్నీ గుండ్రంగా నిలబడితే అదే పగిలిన గుమ్మటం. కమాను నిలబడగలదు, కాని కాళ్లు చాచాలని చూస్తుంది. నున్నటి గచ్చు మీద నిచ్చెన వేస్తే కింది కొస జారిపోవాలని చూసినట్టు ప్రతి తొనా తన కింది గోడను బయటికి తన్నుతుంది. ఆ తన్నును ఎవరో ఒకరు కాయాలి. మెడగోడ మందమైనా కాయాలి, దాని చుట్టూ ఉన్న దన్ను స్తంభాలైనా కాయాలి, లేదంటే నడికట్టు కాయాలి. ఎద్దుబండి చక్రానికి కమ్మరి ఇనప పట్టా ఎర్రగా కాల్చి తొడుగుతాడు కదా, ఆకులు విచ్చుకోకుండా. నడికట్టు పనీ అదే.

తప్పు ఎవరి మీద వేద్దాం?

సెయింట్ పీటర్స్ బీటలు కొత్తవేమీ కావు. 1600ల చివర్లోనే వాటి గురించి రచ్చ జరిగింది. అప్పట్లో నింద పడింది బెర్నీని అనే మహా శిల్పి మీద. గుమ్మటాన్ని మోసే నాలుగు పెద్ద స్తంభాల్లో విగ్రహాల కోసం గూళ్లు చేయించాడనీ, స్తంభాలను లోపలినుంచి తొలిచి బలహీనపరిచాడనీ ఆరోపించారు. 1680లో ఆయన పోయాక, ఆయన జీవితకథ రాసిన బల్దినూచి ఆ నిందను తుడిచేయడానికి పుస్తకంలో పేజీలు పేజీలు ఖర్చుపెట్టాల్సి వచ్చింది.

బీట కనబడగానే ఎవరో ఒకరి పేరు చెప్పేయడం మనకూ అలవాటే. పక్కింటివాడు బోరు వేయించాడనో, మేస్త్రీ సిమెంటు తినేశాడనో అంటాం. పరిశోధన అసలు మొదలయ్యేది ఆ మాటలు పక్కన పెట్టి బీటలను వరసగా రాసుకున్నప్పుడు. ఎక్కడ మొదలైంది, ఎటు నడిచింది, ఎక్కడ వెడల్పు, ఏ అంచు ముందుకు వచ్చింది, ఏ అంచు కిందికి దిగింది, బీటలో దుమ్ము పేరుకుని నల్లబడిందా, తాజాగా తెల్లగా ఉందా. 1742లో చర్చి వాస్తుశిల్పి లుయీజి వాన్వితెల్లి గుమ్మటమంతా ఎక్కి దిగి ఈ పని చేశాడు. బీటలన్నీ పటాలకెక్కాయి. మెడగోడ, దన్ను స్తంభాలు బయటివైపుకు ఒరిగిన ఆనవాళ్లూ దొరికాయి.

ఇంకో ఉపాయం కూడా ఉంది. ఢమరుకంలా రెండు కొసలూ వెడల్పుగా, నడుమ సన్నగా చెక్కిన పాలరాతి ముక్కలను బీటకు అడ్డంగా గోడలో బిగించేవారు. గోడ కదలకపోతే రాయి అలాగే ఉంటుంది. కదిలితే రాయి నడుమ విరుగుతుంది. బిగించిన ముక్కల్లో కొన్ని విరిగాయి. అంటే బీట పాతదే అయినా ఆగలేదు, ఇంకా నడుస్తోంది. అసలు గుబులు అక్కడ పుట్టింది. ఈనాటికీ ఇంజనీర్లు బీట మీద గాజు పలక అతికించి, పక్కన తేదీ రాసి వెళ్తారు. పద్ధతి అదే, రాయి బదులు గాజు వచ్చిందంతే.

ముగ్గురు గణితజ్ఞుల భయం

పోప్ ముగ్గురు పండితులను పిలిచాడు. తొమాస్ ల సూర్, ఫ్రాన్సువా జాకియె అనే ఇద్దరు ఫ్రెంచి సన్యాసులు, దుబ్రోవ్నిక్ నుంచి వచ్చిన జెసూట్ రుజ్జెరొ బొస్కోవిచ్. మొదటి ఇద్దరూ న్యూటన్ ‘ప్రిన్సిపియా’కు వ్యాఖ్యలతో కొత్త ముద్రణ తెచ్చినవాళ్లు. అంటే ఆ కాలానికి సరికొత్త భౌతికశాస్త్రం వాళ్ల చేతివేళ్ల మీద ఉంది. ఒక కట్టడం బలం తేల్చడానికి అనుభవజ్ఞుడైన మేస్త్రీని కాకుండా గణితజ్ఞులను పిలవడం అప్పటికి కొత్త సంగతి.

వాళ్లు బీటలను చూసి గుమ్మటం ఎలా పడుతుందో ఒక బొమ్మ ఊహించారు. లాంతరు కిందికి దిగుతుంది. తొనలు పైన ముడుచుకుని కింద విచ్చుకుంటాయి. మెడగోడ, దన్ను స్తంభాలు తమ బయటి అంచు మీద బయటికి ఒరుగుతాయి. దీన్ని త్రాసులో పెట్టినట్టు తూచారు. ఒక పళ్లెంలో దిగే బరువులు: లాంతరు, తొనలు. రెండో పళ్లెంలో వాటికి అడ్డం పడేవి: ఒరుగుతున్నప్పుడు పైకి లేవాల్సిన దన్ను స్తంభాల బరువు, సాగాల్సిన ఇనప కట్ల బలం. ప్రతి బరువూ ఇంత కదిలితే ఎంత పని జరుగుతుందో లెక్కగట్టి రెండు పళ్లాలూ సరిచూశారు.

త్రాసు కూలే వైపుకే మొగ్గింది. తన్నును ఆపడానికి ఇంకా 30 లక్షల రోమన్ పౌండ్ల పైచిలుకు బలం తక్కువైందని వాళ్ల లెక్క తేల్చింది. మన కొలతలో వెయ్యి టన్నుల పైమాట. వెంటనే మరిన్ని ఇనప కట్లు చుట్టాలని 1743లో అచ్చయిన నివేదికలో చెప్పారు.

రోమ్‌లో చాలామంది పెదవి విరిచారు. మైఖెలాంజెలో ఏ గణితమూ లేకుండానే నమూనా గీశాడు, మరి మరమ్మతుకు మాత్రం గణితజ్ఞులెందుకని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఎగతాళి అలా ఉంచినా, ఆ లెక్కలో ఒక ముల్లు ఉంది. అంత బలం నిజంగా తక్కువైతే గుమ్మటం ఎప్పుడో పడిపోయి ఉండాలి. లెక్క ప్రకారం లేకుండా పోవాల్సింది కళ్లెదుట నిలబడే ఉంది.

తలకిందులైన తోరణం

ఆ ముల్లును పొలేని పట్టుకున్నాడు. 1743లో పోప్ పిలుపు మీద ఆయన రంగంలోకి దిగాడు. ఆయనకు ఆయుధం అందించినవాడు అంతకు దాదాపు డెబ్బై ఏళ్ల కిందటి ఆంగ్లేయుడు రాబర్ట్ హుక్.

హుక్ ఒక రహస్యాన్ని కనిపెట్టి, ఎవరూ కాజేయకుండా అక్షరాలు తారుమారు చేసి ఒక చిన్న పుస్తకం చివర అచ్చువేశాడు. ఆయన చనిపోయాకే ఆ ముడి విప్పి బయటపెట్టారు. రహస్యం ఏమిటంటే, వేలాడే గొలుసు ఏ వంపు తీసుకుంటుందో, దాన్ని తలకిందులు చేసి గట్టిపరిస్తే అదే వంపులో కమాను నిలుస్తుంది. గొలుసులో ఎక్కడా నొక్కుడు ఉండదు, ఉన్నదంతా లాగుడే. తలకిందులు చేస్తే లాగుడంతా నొక్కుడవుతుంది. రాతికి కావలసింది సరిగ్గా అదే. తర్వాత 1697లో డేవిడ్ గ్రెగరీ ఇంకో అడుగు వేశాడు. కమాను ఆకారం అచ్చంగా ఆ వంపే కానక్కరలేదు, కమాను మందంలో ఎక్కడో ఒకచోట అలాంటి వంపు ఇమిడితే చాలు, అది నిలుస్తుందన్నాడు.

పొలేని చేసింది ఈ మాటను పరీక్షకు పెట్టడమే. గుమ్మటాన్ని ఊహలో 50 తొనలుగా కోశాడు. ఎదురెదురుగా ఉన్న రెండు తొనలను ఒక కమానుగా తీసుకున్నాడు. దాన్ని 32 ముక్కలు చేసి ప్రతి ముక్కకూ రాయీ ఇటుకా ఎంత పట్టిందో లెక్కగట్టాడు. ఆ బరువులకు తగిన నిష్పత్తిలో 32 సీసపు గుండ్లు పోయించాడు. లాంతరు భారం నడిమి గుండ్లకు కలిపాడు. మొదట్లో మనం చూసిన దండ అదే.

తలకిందులు చేసిన వంపు గుమ్మటం కోతపటంలో ఎక్కడ పడింది? పెంకుల మందం లోపలే. ఎక్కడా బయటికి పొడుచుకు రాలేదు. అంటే ప్రతి తొనా, ఇటుకల మధ్య సున్నం అంతా ఊడిపోయిందనుకున్నా, నొక్కుడు ఒక్కదాని మీదే తన బరువును కింది గోడదాకా దింపుకోగలదు. బీటలున్నాయి, నిజమే. అయినా గుమ్మటం నిలబడటానికి ఒక దారి ఉంది. కూలే ముప్పు ఇప్పుడు లేదని పొలేని తీర్పు చెప్పాడు. బీటలకు కారణం ఒక్కటే కాదని, తొందర కట్టడం, నేల దిగడంలో తేడాలు, భూకంపాలు, పిడుగులు అన్నీ కలిసి ఈ పని చేశాయని రాశాడు. రోమ్‌ను 1703లో భూకంపాలు గట్టిగానే కుదిపాయి. కొలోసియం కమానులు కొన్ని అప్పుడే పడ్డాయి.

అయితే ఇక్కడే చిత్రం. గుమ్మటానికి ఢోకా లేదన్న మనిషే ఇనప కట్లు వేయమనీ అన్నాడు. శత్రువులనుకున్న ముగ్గురి సలహా కూడా అదే. ఎంత లావు ఇనుము ఎంత లాగుడుకు ఓర్చుకుంటుందో ప్రయోగాలు చేసి మరీ కొలిచాడు. 1743-44లో వాన్వితెల్లి ఆధ్వర్యంలో గుమ్మటం చుట్టూ ఐదు కొత్త కట్లు వేశారు.

రెండు జవాబులూ ఒప్పే

కేంబ్రిడ్జ్ ఇంజనీరు జాక్ హేమన్ 1966లో రాసిన ఒక పత్రం ఈ పాత తగవును కొత్త వెలుగులో పెట్టింది. ఆయన మొదలుపెట్టింది మూడు మొరటు ఊహలతో: రాతి కట్టడం లాగుడుకు అసలే ఓర్చదు, నొక్కుడుకు ఎంతైనా ఓరుస్తుంది, రాళ్లు ఒకదాని మీద ఒకటి జారవు. రెండోది అతిశయోక్తిలా ఉంటుంది, కాని లెక్క చూడండి. మామూలు ఇసుకరాతిని స్తంభంగా పేర్చుకుంటూ పోతే, అడుగు రాయి నలిగే లోపు ఆ స్తంభం దాదాపు రెండు కిలోమీటర్ల ఎత్తు లేస్తుంది. ఏ గుమ్మటమూ ఆ ఛాయలకు పోదు. కాబట్టి పాత కట్టడం మామూలుగా కూలేది రాయి నలిగి కాదు, ఆకారం చెడి.

ఈ మూడు ఊహల మీద ఉక్కు కట్టడాల సిద్ధాంతాన్ని రాతికి అన్వయిస్తే రెండు సూత్రాలు వస్తాయి. మొదటిది: బరువులన్నిటినీ రాతి మందంలోంచే నేలకు దింపే ఒక్క దారి కాగితం మీద గీయగలిగితే చాలు, కట్టడం నిలుస్తుంది. కట్టడం సరిగ్గా ఆ దారినే వాడాలని లేదు. ఇంజనీరుకు ఒక దారి దొరికిందంటే కట్టడానికీ ఏదో ఒక దారి దొరుకుతుంది. ఇది పొలేని ప్రశ్నకు పునాది. రెండోది: కూలే తీరును ముందే ఊహించి, అది జరగడానికి బరువులకు శక్తి చాలుతుందో లేదో తూచడం. ఇది ముగ్గురు గణితజ్ఞుల దారి. ఊహించిన తీరు సరైనదైతే, అడ్డుపడే బలాలన్నీ లెక్కలోకి వస్తేనే దాని జవాబు నిజమవుతుంది. పద్ధతిగా చూస్తే ఇద్దరిదీ ఒప్పే. ఇవాళ పాత గుమ్మటాన్ని పరీక్షించేవాళ్లు రెండు లెక్కలూ వేస్తారు. ఒకటి కింది హద్దు చెబుతుంది, రెండోది పై హద్దు. నిజం ఆ రెంటి నడుమ దొరుకుతుంది.

బీట గురించి కూడా హేమన్ చూపు వేరు. కట్టాక నేల కాస్త దిగుతుంది, గోడలు కాస్త విచ్చుకుంటాయి, గుమ్మటం తన కాళ్ల దూరం పెరిగిన కొత్త చోటికి సర్దుకుంటుంది. వంగలేని రాయి సర్దుకోవాలంటే పగలాలి. బీట అంటే గుమ్మటానికి కీలు లాంటిది. సెంట్రింగ్ తీశాక ఐదు నిమిషాలు నిలిచిన కమాను ఐదు వందల ఏళ్లు నిలుస్తుందని ఆయన సరదాగా అనేవాడు. నేల దిగడానికి ఒక తరం పట్టవచ్చని వెంటనే హెచ్చరించేవాడు కూడా.

ఊపిరి తీసుకునే బీటలు

ఇదంతా విని, బీటలు ఉంటే ఏమీ కాదులే అనుకుంటే పొరపాటు. ఇస్తాంబుల్ హగియా సోఫియా మొదటి గుమ్మటం 537లో పూర్తయి, వరస భూకంపాల తర్వాత 558లో పడిపోయింది. సిసిలీ ద్వీపంలోని నోతో పట్టణ కెథెడ్రల్ కథ మన కాలంలోనే జరిగింది. 1990 భూకంపాన్ని తట్టుకుని నిలిచిన ఆ కట్టడం 1996 మార్చి 13 రాత్రి హఠాత్తుగా కూలింది. గుమ్మటంలో పెద్ద భాగం దానితో పోయింది. మోసం గుమ్మటంలో లేదు, కింది స్తంభాల్లో ఉంది. బయటికి చెక్కిన రాయి నిండుగా కనబడినా లోపలి నింపుడు నాసిరకం. అది నెమ్మదిగా చితికింది. పైకప్పు చూడటానికి వచ్చినవాడు పునాది దాకా దిగి చూడాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అందుకే పరిశోధకుడు మొదట అడిగేది బీట వెడల్పు కాదు, దాని నడక. ఫ్లారెన్స్‌లో బ్రునెలెస్కీ 1420 నుంచి 1436 దాకా కట్టిన ఎనిమిది పలకల గుమ్మటానికి నాలుగు పెద్ద బీటలున్నాయి. 1950ల నుంచే వాటి మీద కొలత పరికరాలు ఉన్నాయి. 1980ల చివర్లో నూటయాభైకి పైగా పరికరాలతో పెద్ద ఏర్పాటు చేశారు. బీటలు ఎండకూ చలికీ తగ్గట్టు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయని, మనిషి ఛాతీ ఊపిరికి లేచి పడినట్టు ఏటా గుమ్మటం కదులుతుందని ఆ కొలతలు చూపాయి. ఒక్క కాలంలో కొలిచి బీట పెరిగిందని కంగారు పడితే తప్పే, ఇంకో కాలంలో కొలిచి తగ్గిందని సంబరపడినా తప్పే. కనీసం ఏడాది చక్రం తిరిగాక, ఆ ఊపిరిని తీసివేసి మిగిలింది చూడాలి. అక్కడ ఏళ్ల తరబడి ఒకే వైపుకు జరిగే కదలిక ఉంటే అదీ జబ్బు.

పనిముట్లు మారాయి. లేజర్ స్కానర్ గుమ్మటం లోపలి ప్రతి చుక్కనూ మిల్లీమీటర్ల తేడాలో కొలుస్తుంది. రాడార్ తరంగాలు గోడలో దాగిన ఇనుమును, ఖాళీలను పట్టిస్తాయి. సన్నటి రంధ్రంలోంచి కెమెరా పంపి లోపలి నింపుడు చూస్తారు. రాళ్ల మధ్య సున్నం గీతలో పలుచటి జాక్ దూర్చి గోడ మోస్తున్న నొక్కుడును కొలుస్తారు. పొలేని సీసపు గుండ్ల దండ ఇప్పుడు కంప్యూటర్‌లో గుమ్మటమంతా అల్లుకున్న వలగా మారింది. ప్రశ్న మాత్రం మారలేదు: బరువు దిగే దారి మందంలో ఇమిడిందా?

దక్కను సున్నం చెప్పే సంగతి

గుమ్మటాల విద్య మన దక్కనుకు పరాయిది కాదు. బీజాపూర్ గోల్ గుంబజ్ లోపలి వ్యాసం దాదాపు 38 మీటర్లు, సెయింట్ పీటర్స్‌కు కాస్తే తక్కువ. అక్కడ ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే ఎనిమిది కమానులు గుమ్మటం అడుగును లోపలికి లాక్కొచ్చి, బయటికి తన్నే బలానికి లోపలి బరువును ఎదురు పెడతాయి. ఇనప నడికట్టు చేయాల్సిన పనిలో కొంత ఆ అల్లికే చేసిపెడుతుంది. హైదరాబాద్ గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలూ ఇదే సంప్రదాయపు బిడ్డలు.

ఆ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ చేపట్టిన మరమ్మతుల్లో ఒక పెద్ద పని, గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఊడదీయడం. సిమెంటు గట్టిది, అదే దాని దోషం. గుమ్మటం ఎండకు ఉబ్బి చలికి ముడుచుకుంటే సున్నం దానితోపాటు సర్దుకుంటుంది. సిమెంటు సర్దుకోదు, చిట్లుతుంది. ఆ చిట్లులోంచి వాన లోపలికి పోతుంది, బయటికి రావడానికి సిమెంటు దారివ్వదు. తడి లోపలే ఉండి పాత సున్నాన్ని గుల్ల చేస్తుంది. గానుగలో ఎద్దులతో నూరించి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపే మన పాత డంగు సున్నానికి ఈ బాధ లేదు. సన్నటి బీటలో నీరు చేరితే కరిగిన సున్నం మళ్లీ అక్కడే పేరుకుని బీటను తానే పూడ్చుకుంటుంది కూడా. పగలడం, పూడడం రెండూ తెలిసిన పదార్థం అది. బీటను జబ్బుగా మాత్రమే చూసినవాళ్లు దాన్ని సిమెంటుతో మూసేశారు. దాంతో కీలు పట్టేసింది, కదలిక పక్క రాతికి బీటగా మారింది.

ఇనుముకూ తన జబ్బు ఉంది. గోడలో తడి తగిలి తుప్పు పడితే తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది, చుట్టూ ఉన్న రాయిని చీలుస్తుంది. రక్షకుడుగా పెట్టిన కట్టే లోపలి శత్రువు కావచ్చు. కాబట్టి బీటలున్నాయా అని అడిగి ఊరుకుంటే చాలదు. కట్లున్నాయా, ఉన్నవి ఇంకా పని చేస్తున్నాయా అని కూడా అడగాలి.

ఈ ప్రశ్నకు జవాబు సెయింట్ పీటర్స్‌లోనే దొరికింది. కొత్త కట్లు వేసిన మూడేళ్లకు, 1747లో, దెల్లా పోర్తా గుమ్మటం మందంలో దాచిన పాత ఇనప కట్టు ఒకటి తెగి ఉన్నట్టు బయటపడింది. దండ చెప్పింది నిజమే, గుమ్మటం తెగిన నడికట్టుతోనూ నిలబడే ఉంది. ముగ్గురు గణితజ్ఞులు భయపడిందీ నిజమే, బయటికి తన్నే బలం ఇనుమును తెంపేంతగా ఉంది. నిలుస్తుందని రుజువు చేసి కూడా కట్లు వేయమన్న పొలేని సలహా పిరికితనమో మొహమాటమో కాదని అప్పుడు తేలింది. 1748లో ఆరో కట్టు వేశారు. గుమ్మటం కథంతా రాసిన పొలేని పుస్తకం అచ్చయింది కూడా ఆ ఏడే.